పోటు వేళ వచ్చిన పెద్దలు

గంగరాజు ముందు పెట్టిన కంచంలో అన్నం చల్లారిపోయింది. అచ్చాయమ్మ దాని మీద మూత పెట్టింది, కాసేపటికి తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. కొడుకు తినడు, పెద్ద మనవరాలు మాట్లాడదు, చిన్నది గదిలోంచి బయటికి రాదు. సోమవారం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

"చేపల పులుసు రెండో పూటకి బాగుంటుంది. మూడో పూటకి పిల్లి కూడా ముట్టుకోదు" అంది అచ్చాయమ్మ, ఎవరి వంకా చూడకుండా.

పద్మశ్రీ గడప మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. నిజానికి ఆ ఫోన్ పొద్దున్నే ఆరిపోయింది. తండ్రి మొహం చూడకుండా ఉండడానికి ఏదో ఒకటి చూడాలి కదా.

సోమవారం వచ్చిన కబురు ఒక్క వాక్యం. నడిమిలంక నుంచి అవతలి ఒడ్డు హైస్కూలుకి రాకపోకలు సౌకర్యంగానే ఉన్నాయి, కనుక ఊళ్ళో తొమ్మిదో తరగతి పెట్టవలసిన అవసరం కనబడలేదు. అంతే.

ఆ ఒక్క వాక్యం రాకుండా ఉండడానికే పద్మశ్రీ, కృష్ణమోహన్, వాళ్ళ జట్టు కుర్రకారు రెండేళ్ళు చెప్పులరగదీశారు. లంకలో బడి ఎనిమిదో తరగతి దాకానే. పైచదువుకి హైస్కూలు ఏటి అవతల ఉంది. మ్యాపు మీద కొలిస్తే కూతవేటు దూరం. మధ్యలో గోదావరి పాయ ఉందన్న సంగతి మ్యాపు మీద కొలిచేవాడికి పట్టదు. డిగ్రీ పరీక్షలు ఒక పక్క, అమలాపురంలో అర్జీల వరస ఒక పక్క. కాకినాడ వెళ్ళారు, విజయవాడ వెళ్ళారు, ఎమ్మెల్యేల కమిటీ ముందు నిలబడి చెప్పారు. చివరికి రాష్ట్రమంతటికీ నిబంధనే మారింది. బడికీ ఊరికీ మధ్య నీరుంటే దూరం కొలిచి సరిపెట్టకూడదు. అధికారులు స్వయంగా వచ్చి, పిల్లలు దాటే రేవులోనే దాటి చూసి, అప్పుడు తేల్చాలి. ఇరవై రెండేళ్ళు నిండని పిల్లలు ప్రభుత్వం చేత మాట మార్పించారని పేపర్లో కూడా పడింది.

అధికారులు వచ్చారు. దాటారు. చూసిందే రాశారు. గొడవంతా అక్కడే ఉంది.

"వాళ్ళని పోటు మీద ఎందుకు తెచ్చేవు?" అంది పద్మశ్రీ హఠాత్తుగా, ఫోన్ మీంచి తలెత్తకుండానే.

రెండు రోజుల తర్వాత ఆమె తండ్రితో అన్న మొదటి మాట అది. గంగరాజు తల తిప్పాడు. అసలు ఆ ప్రశ్నే అతనికి సరిగ్గా అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళుగా రేవు నడుపుతున్న మనిషి. పెద్దవాళ్ళు వస్తున్నారంటే ఏరు ఎప్పుడు నిండుతుందో చూసుకుని ఆ వేళకే రమ్మంటాడు. అతని తండ్రీ అలాగే చేసేవాడు. ఎక్కిన మనిషి కాలు తడవకుండా దింపాలి. అతనికి తెలిసిన గొప్పతనం అదొక్కటే.

"ఇంటికొచ్చే పెద్దమనిషిని బురదలో దింపమంటావా అమ్మా?"

"మమ్మల్ని దింపలేదా నాన్నా?"

అచ్చాయమ్మ చేతిలో మూత అలాగే ఆగిపోయింది.

ఆటు వేళ ఆ రేవు సంగతి ముగ్గురికీ తెలుసు. నీరు వెనక్కి తీసేస్తే పడవ ఒడ్డుకి రాదు. అంత దూరాన ఆగిపోతుంది. అక్కణ్ణించి ఒడ్డు దాకా నడుముల్లోతు ఒండ్రు. ఆడపిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని, బట్టలు ఎత్తిపట్టుకుని దాటాలి. తర్వాత ఆ తడిబట్టలతోనే సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారు? ఈడొచ్చిన పిల్లని ఏ తల్లి పంపిస్తుంది? పద్మశ్రీని తొమ్మిదీ, పదీ చదివిన రెండేళ్ళూ గంగరాజే భుజాల మీద మోసి దాటించాడు కాబట్టి ఆమె పదో తరగతి గట్టెక్కింది.

చిన్నది ఉషారాణికి ఆ అదృష్టం కూడా లేకపోయింది. మూడేళ్ళ కిందట వానాకాలంలో అక్కతో పాటు సంతకి వెళ్ళొస్తూ ఒండ్రులో కూరుకుపోయింది. గంగరాజు పడవలోని బల్లచెక్క పరిచి, దాని మీద బోర్లా పడుకుని పిల్లని లాగేసరికి నీరు ఎగదన్నుతోంది, బురద పిల్ల గుండెల దాకా వచ్చేసింది. అప్పట్నుంచీ రేవు మెట్ల దగ్గరికి వస్తేనే ఉషకి పళ్ళు గిట్టకరుచుకుపోతాయి. పడవవాడి కూతురికి ఏరంటే భయమని బయట తెలిస్తే నవ్వుతారని ఆ సంగతి ఇంట్లోనే దాచుకున్నారు. దాచుకున్న ఇంట్లోంచే ఉత్తర్వు తేవడానికి పద్మశ్రీ బయల్దేరింది. ఊరందరి కోసం అని అర్జీలో రాసింది గానీ, ఆమె కళ్ళ ముందు ఉన్నది చెల్లెలే.

గంగరాజు కంచం పక్కకి జరిపాడు.

"వాళ్ళు వచ్చిన రోజు కొబ్బరిబొండాలు అందించింది నువ్వే కదమ్మా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, గుర్తుకొచ్చి అన్నట్టుగా.

పద్మశ్రీ ఫోన్ పక్కన పెట్టింది. అది నిజం.

రొయ్యల చెరువుల వాళ్ళని అడిగి ఇంజను పడవ తెచ్చారు. అందులో జంపఖానా, దాని మీద కుర్చీలు. ఎండ తగలకుండా గొడుగు పట్టడానికి కృష్ణమోహన్. అధికారి శివశంకర్ గారు దిగడానికి రేవు మెట్ల దాకా బల్ల వేశారు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒక వంటకం వచ్చింది. అచ్చాయమ్మ రొయ్యల వేపుడు చేసింది. పద్మశ్రీ పట్టు ఓణీ వేసుకుని బొండాలు అందిస్తూ, ఆయన మొహంలో తృప్తి చూసి, గెలిచేశామనుకుంది. వెళ్ళేటప్పుడు ఆయన చేతులు జోడించి, ఇంత మర్యాద నా సర్వీసులో చూడలేదమ్మా అన్నాడు. ఒక అరటిగెల కూడా కారులో పెట్టి పంపారు. రెండేళ్ళుగా ఆటుపోట్ల గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చిన పిల్ల, ఆ రోజు ఏటి వంక ఒక్కసారి కూడా చూడలేదు. అతిథి వస్తే కోనసీమ వాళ్ళకి ఒళ్ళు తెలియదు. చదువుకున్నవాళ్ళకీ తెలియదు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటేక బోడి మల్లయ్య" అని గొణిగింది అచ్చాయమ్మ.

"ఆయన్నేం అనకమ్మా. ఆయన చూసిందే రాసేడు" అన్నాడు గంగరాజు.

అసలు పుండు మీద కారం చల్లింది నిన్నటి సంగతి. మొగలిలంక నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చారు. వాళ్ళ లంకలో తొమ్మిదో తరగతి మొదలైందట. తనిఖీకి వేరే అధికారులు వెళ్ళారట. ఆ వేళ ఊరంతా చెరువుల్లో రొయ్యలు పట్టే పనిలో ఉండి ఎదురు వెళ్ళిన నాథుడు లేడట. పాపం ఆ పెద్దమనిషి ఆటులో దిగి ఒండ్రులో ఒక బూటు పోగొట్టుకుని, ఒంటికాలి జోడుతో ఊళ్ళోకి వచ్చి, ఆ సాయంత్రమే బడి పెట్టమని రాసేశాడట. చెబుతూ కుర్రాళ్ళు నవ్వారు. ఆదివారం సన్మానం పెట్టుకున్నాం, నిబంధన మార్పించింది మీరే కాబట్టి శాలువా మీకే కప్పాలి, తప్పకుండా రావాలండీ అన్నారు.

పద్మశ్రీ ఆయ్ అంది, వస్తానంది. మంచినీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది, రేవు దాకా సాగనంపింది. తిరిగి వచ్చి దొడ్లో బావిగట్టు మీద కూర్చుని ఏడ్చింది. తన చేత్తో తలుపు తీసింది, లోపలికి వేరే ఊరు వెళ్ళింది. ఆ ఊరి పిల్లల మీద అసూయ పుట్టినందుకు ఆమెకి సిగ్గు కూడా వేసింది.

ఆ మిఠాయి పొట్లం ఇంకా దూలానికి వేలాడుతూనే ఉంది. ఎవరూ విప్పలేదు.

ఇప్పుడు అచ్చాయమ్మ తన మాట తీసింది. సోమవారం నుంచీ తీస్తున్న మాటే. అంబాజీపేటలో కూతురింటికి ఉషని పంపేద్దాం. అల్లుడు శ్యామ్ బాబుకి కొబ్బరి కొట్టు ఉంది, ఇల్లు పెద్దది, బడి వీధి చివరే. కూతురికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి పిల్ల ఇంట్లో కాస్త చేదోడుగా ఉంటుంది, వాళ్ళే చదివిస్తామంటున్నారు. శనివారం శ్యామ్ బాబు వచ్చి తీసుకెళ్తానన్నాడు.

చేదోడు అంటే ఏమిటో పద్మశ్రీకి తెలుసు. అంతకుముందు శ్యామ్ బాబు చెల్లెలి కూతుర్ని కూడా అలాగే తీసుకెళ్ళారు. ఆ పిల్ల మొదటి నెల బడికి వెళ్ళింది. తర్వాత ఎండుకొబ్బరి ఒలవడం, అంట్లు, అత్త మోకాళ్ళకి నూనె. ఇప్పుడు ఆ పిల్లని ఏ క్లాసని ఎవరూ అడగడం లేదు.

ఆ మాట మీద మామ్మకీ మనవరాలికీ మధ్య గట్టి గొడవే జరిగేది. కానీ అప్పుడే గంగరాజు ఫోన్ మోగింది. మస్కట్ నుంచి అనురాధ.

గంగరాజు భార్య అక్కడ ఒక ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్ళయింది. పనివేళల మధ్య దొరికిన కాసేపట్లో చేస్తుంది. అత్తగారి ఆరోగ్యం అడిగింది, వానలు అడిగింది. తర్వాత అంబాజీపేట మాట ఎవరో తన చెవిన వేశారని చెప్పింది. గంగరాజు అటూ ఇటూ కాని జవాబులు చెప్పాడు.

"ఏవండీ, నేనిక్కడ ఒకళ్ళింట్లో అంట్లు తోమేది, అది అక్కడ ఇంకొకళ్ళింట్లో తోమడానికి కాదండి" అంది అనురాధ.

తర్వాత ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టేసింది. గదిలో మంచం కిర్రుమంది. ఉష లోపలి నుంచి అన్నీ వింటోందని అందరికీ అప్పుడు గుర్తొచ్చింది.

రెండు గంటలవేళ కృష్ణమోహన్ వచ్చాడు. వీధి చివర కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి, పద్మశ్రీతో పాటు డిగ్రీ. అతను మెట్ల మీదే నిలబడి, శివశంకర్ గారితో మాట్లాడానని చెప్పాడు. ఆయన కోప్పడలేదట, పైగా నొచ్చుకున్నాడట. పిల్లల మాట మీద నా రిపోర్టు నేనే మార్చుకుంటే నా పై అధికారులు నవ్వుతారు, ఊరి తరఫున పెద్దమనిషి ఎవరైనా నోరు విప్పి అడిగితే మరోసారి వచ్చి చూస్తాను, ఈ వారం దాటితే నా చేతుల్లో ఉండదు అన్నాడట.

"సర్పంచ్ గారిని అడిగేవా?" అంది పద్మశ్రీ.

"అడిగేను. మనింట్లో భోంచేసి వెళ్ళిన మనిషిని మళ్ళీ పిలిచి, మీరు చూసింది తప్పండీ అంటామా అన్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది అన్నారు." కృష్ణమోహన్ గంగరాజు వైపు తిరిగాడు. "రేవు నీది బాబాయ్. నువ్వు చెప్తే ఆయన వింటాడు. ఆటు వేళ రమ్మని ఒక్క మాట."

గంగరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. పద్మశ్రీ గడప మీంచి లేచి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. కోపం పోయి కాదు. కోపానికి ఇప్పుడు తీరిక లేదు.

"నాన్నా, నాతో పాటు అను. అయ్యా, ఈసారి ఆటు వేళ రండి."

"అయ్యా, ఈసారి ఆటు వేళ రండి" అన్నాడు గంగరాజు.

"మా పిల్లలు దిగే బురదలో మీరూ దిగి చూడండి."

గంగరాజు నోరు తెరిచాడు. "మా పిల్లలు దిగే బురదలో..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు. ఎన్నిసార్లు అన్నా రెండో సగం బయటికి రాలేదు.

"పోనీ మొదటిది చాలు నాన్నా" అంది పద్మశ్రీ. ఆమె గొంతు జాలిగా ఉంది. "ఆటు వేళ అను, చాలు."

గది తలుపు కొంచెం తెరుచుకుంది. ఉష ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఎనిమిదో తరగతి నాటి స్కూలు గౌను మీదే ఉంది. అదింకా ఇంట్లో తొడుక్కుంటోంది.

కృష్ణమోహన్ నంబరు కలిపి స్పీకరు పెట్టాడు.

"అయ్యగారికి నమస్కారమండి. నడిమిలంక రేవు గంగరాజునండి."

"గంగరాజు గారా! చెప్పండి చెప్పండి. మీ అమ్మగారు చేసిన రొయ్యల వేపుడు ఇంకా నోట్లోనే ఉందంటే నమ్మండి. కులాసానా అందరూ?"

"తమ దయండి." గంగరాజు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "అయ్యా, మా రేవు విషయమండి. మరొక్కసారి తమరొచ్చి..."

"ఆ అబ్బాయి చెప్పాడులెండి. మీరు అడిగాక రాకుండా ఎలా ఉంటాను? శుక్రవారం పదకొండింటికి వస్తాను. పోయినసారి కూడా అదే వేళ కదా, హాయిగా దాటించారు."

పద్మశ్రీ తండ్రి మోచెయ్యి పట్టుకుంది. శుక్రవారం పదకొండింటికి ఏరు నిండుకుండలా ఉంటుంది. ఆ లెక్క ఆ ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. పౌర్ణమి వెళ్ళిన మూడో నాడు.

"అయ్యా..." అన్నాడు గంగరాజు. ఆటు అన్న మాట దాకా వచ్చాడు.

"ఒక్కటే ఇబ్బంది గంగరాజు గారూ" అన్నాడు ఆ పెద్దమనిషి నవ్వుతూ. "నా మోకాలు బాగాలేదు, డాక్టరు జాగ్రత్త అన్నాడు. ఆ కుర్చీ, ఆ బల్ల అన్నీ అలాగే వేయించండి. మా ఆవిడ కూడా లంక చూస్తానంటోంది, తీసుకొస్తాను. మీ మీద నమ్మకంతోనే. ఏమంటారు?"

గంగరాజు కూతురి వంక చూశాడు. ద్వారం దగ్గరున్న రెండో కూతురి వంక చూశాడు. అతని చూపులో ఎంత వేడుకోలు ఉందో. ముప్పై ఏళ్ళ అలవాటు అతని నాలిక మీదికి ఎక్కి కూర్చుంది.

"ఆయ్" అన్నాడు. "అలాగేనండి. తమరు నిశ్చింతగా రండి."

ఫోన్ ఆగింది. కృష్ణమోహన్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గంగరాజు మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. రెండేళ్ళలో ఎంతమంది అధికారుల ముందు ఎంత గట్టిగా మాట్లాడింది పద్మశ్రీ. ఆ ఆఫీసు బల్లల అవతల ఉన్నవాళ్ళతో పోట్లాడడం తేలిక. ఇంటికి భోజనానికి వచ్చే మనిషితో ఎలా పోట్లాడాలో ఎవరూ నేర్పలేదు.

అందరికన్నా ముందు తేరుకున్నది అచ్చాయమ్మ.

"ఆవిడ కూడా వస్తున్నారా?" అంది నెమ్మదిగా. "ఎంతమందికి వండమంటావురా?"

ఆ మాటకి జవాబు రాకముందే ఏటి అవతల నుంచి కేక వినబడింది.

"బావా... ఓ గంగరాజు బావా... పడవా..."

శ్యామ్ బాబు గొంతు. ఉషని తీసుకెళ్ళడానికి శనివారం వస్తానన్న మనిషి బుధవారమే వచ్చేశాడు. అచ్చాయమ్మ గబగబా లేచి కొంగు సర్దుకుంది. అల్లుడు వచ్చాడు. బియ్యం పొయ్యి మీద పెట్టాలి. బయట ఏరు వెనక్కి తీస్తోంది. ఒడ్డు పొడుగునా ఒండ్రు నల్లగా బయటపడుతోంది. ఇంకాసేపు ఆగితే పడవ ఒడ్డుకి అందదు, అల్లుణ్ణి బురదలో దింపలేరు. ఆయన రేపటిదాకా అవతలే ఉండిపోవాలి, లేదంటే తిరిగి అంబాజీపేట వెళ్ళిపోవాలి.

గంగరాజు అలవాటుగా లేచాడు. ద్వారం పక్కన గోడకి ఆనించి ఉండే పడవ గెడ కోసం చెయ్యి చాపాడు. గెడ అక్కడ లేదు. పద్మశ్రీ దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్టు మీద నిలబడింది.

"వెళ్ళకు నాన్నా. నీళ్ళు తీసేదాకా ఆగు. ఈ ఒక్కసారికి ఆగు."

"మీ మావయ్య అమ్మా. ఈ ఇంటల్లుడు. ఒడ్డున నిలబెడతామా?"

అవతల మళ్ళీ కేక. గంగరాజు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పద్మశ్రీ గెడ వదల్లేదు. అచ్చాయమ్మ చేటలో బియ్యంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

ఉష గదిలోంచి బయటికి వచ్చింది, రెండు రోజుల తర్వాత. అక్క దగ్గరికి వెళ్ళి, గెడ మీద ఉన్న ఆమె వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది.

"ఇచ్చెయ్యి అక్కా" అంది. "మావయ్య ఎండలో నిలబడ్డాడు. బావుండదు."

గెడని రెండు చేతులతో తండ్రికి అందించింది. గంగరాజు అందుకున్నాడు. మూడో కేక వినబడింది. అతను మెట్టు మీద అలాగే నిలబడి ఉన్నాడు.